సెమీ క్రిస్మస్ ఏర్పాట్లు: వైద్య శిబిరంలో కరపత్రాలు పంచాలా?

కార్యక్రమ సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. మనలో కొందరికి సంఘమంటే తెలుగు సంఘం, మరికొందరికి చర్చి. గందరగోళం లేకుండా నేను చర్చిని చర్చి అనే రాస్తాను. డిసెంబరు రెండో శనివారం ఒడిశాలోని పర్లాకిమిడిలో చర్చిలతో కలిసి జరిపే సెమీ క్రిస్మస్‌కు పందిరి, కుర్చీలు, మైకు కుదిరాయి. వంటకు ఇంకా ఆరుగురు కావాలి. తేల్చుకోవలసినది ఉదయం పెట్టే వైద్య శిబిరం సంగతి.

పోయిన ఏడాది బీపీ చూసే బల్ల దగ్గర వరుస చీటీలు ఇచ్చింది నేనే, ప్రతి చీటీకీ సువార్త కరపత్రం పిన్ను కొట్టిందీ నేనే. ఒక పెద్దావిడ చీటీ అందుకుని, పిన్ను మెల్లగా ఊడదీసి, కరపత్రాన్ని మళ్లీ నా ముందుకు జరిపి, "ఇది సదివితేనే మాత్రలిత్తారేటి బాబూ?" అని అడిగింది. కాదమ్మా అన్నాను గానీ, ఆమె అలా అనుకోవడంలో తప్పేమీ లేదని ఇంటికొచ్చాక తోచింది. ఈసారి వరుసలో కరపత్రాలు వద్దని నా ప్రతిపాదన.

మందుల బల్ల బాధ్యులు:
నాదీ అదే మాట. 1967 నాటి ఒడిశా మత స్వేచ్ఛ చట్టం బలవంతంతో, మోసంతో, ప్రలోభంతో మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. నగదు గానీ వస్తువు గానీ కానుకగా ఇవ్వజూపడం ప్రలోభం కిందికే వస్తుంది. 1977లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థిస్తూ, రాజ్యాంగం 25వ అధికరణంలోని ప్రచార హక్కు తన మత సిద్ధాంతాన్ని వివరించే హక్కే గాని ఎదుటివారిని మార్చే హక్కు కాదని చెప్పింది. మాత్రల పక్కన కరపత్రం ఉంటే నేరమని నేననడం లేదు. అయితే 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన హింసను చూసిన రాష్ట్రమిది. అనుమానం పుడితే దాని బరువు మోసేది శిబిరం ముగించుకుని బస్సెక్కే మనం కాదు, ఇక్కడే కాపురముండే విశ్వాసులు.

చర్చి కమిటీ తరఫున:
అందరికీ వందనాలు. చట్టానికి జడిసి మానేస్తే అది జాగ్రత్త అవుతుంది గాని ప్రేమ కాదు. మానడానికి అంతకంటే మంచి కారణం లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు చెప్పిన కథలోనే ఉంది. యూదులకూ సమరయులకూ పొసగని రోజుల్లో ఒక సమరయుడు దారిలో గాయపడి ఉన్నవాణ్ని పూటకూళ్లవాని ఇంటికి చేర్చి, మర్నాడు రెండు దేనారాలు (వెండి నాణేలు) ఆ పూటకూళ్లవాని చేతిలో పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. దానికి బదులుగా ఆ గాయపడిన మనిషి నుంచి ఏమీ ఆశించినట్టు లేదు.

అలాగని మమ్మల్ని నోరు కట్టుకోమంటే మాత్రం ఒప్పుకోను. మనకు ప్రాణమైన మాటను స్నేహితుల దగ్గర దాచడం కూడా ఒక రకమైన పరాయితనమే. పేతురు మొదటి పత్రిక 3:15 మన నిరీక్షణకు కారణం అడిగే ప్రతివారికీ సాత్వికంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది. ఆ "అడిగే" అన్న మాటను మేమే చాలాసార్లు మింగేస్తుంటాం. కాబట్టి సాయంత్రం కీర్తనలు, సువార్త సందేశం ఉంటాయని ఆహ్వానపత్రంలో స్పష్టంగా అచ్చు వేయించండి. వచ్చేవారు తెలిసే వస్తారు.

ఇంకొక్క మాట. కొండల నుంచి సవర గిరిజనులు కూడా శిబిరానికి వస్తారు. వారికి నొప్పి ఎక్కడుందో చెప్పుకునే వీలే లేకపోతే మన ప్రేమ వారికి అందేదెలా? గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో ఉండగానే సవర భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూర్చారు. సవర మాట్లాడేవారిని ఇద్దరినైనా బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మా చర్చిలో ఉన్నారు, నేను అడుగుతాను.

కార్యక్రమ సమన్వయకర్త:
అయితే ఇలా అనుకుందాం. వరుసలో చీటీ తప్ప మరో కాగితం ఉండదు. ప్రార్థన కోరేవారి కోసం పందిరికి అవతలి వైపు విడిగా నాలుగు కుర్చీలు వేస్తాం. అక్కడికి ఎవరినీ మనం పంపం. భోజనం అందరికీ ఒకే పంక్తిలో, సందేశానికి ముందే పెడతాం, తిన్నవారు వెళ్లాలనుకుంటే వెళ్లవచ్చు. మిగిలిపోయిన కరపత్రాలు మా ఇంట్లో నాలుగు కట్టలున్నాయి. సాయంత్రం వాటిని పుస్తకాల బల్ల మీద పెడతాను, కావలసినవారు తీసుకుంటారు.

వంటకు ఇద్దరు పేర్లిచ్చారు. ఇంకా నలుగురు కావాలి.