తిరిగే సీట్ల రోలర్ కోస్టర్: సీటును తిప్పేది ఏది?

ఇరుసు (ప్రశ్న):
లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన, వాలెన్సియాలోని సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో ఈమధ్య ఎక్స్2 అనే రోలర్ కోస్టర్ ఎక్కాను. మామూలుగా రెండు పట్టాలు ఉండవలసిన చోట నాలుగు కనిపించాయి. సుమారు 215 అడుగుల మొదటి దిగుడులో సీటు నన్ను బోర్లా తిప్పి, ముఖం నేలకు ఎదురుగా ఉండేలా పట్టుకుంది. మొదటిసారి నా పక్క సీటు ఖాళీ, రెండోసారి నిండుగా ఉంది. అయినా రెండుసార్లూ ఒకే చోట, ఒకే విధంగా తిరిగింది. సీటు దగ్గర మోటారు ఏదైనా ఉందా? లేకపోతే ఇంత కచ్చితంగా తిరగడం ఎలా సాధ్యం?

పళ్ళచక్రం (జవాబు):
మోటారు లేదండీ. మీరు చూసిన నాలుగు పట్టాలలో రెండు బండి బరువును మోస్తాయి, మిగిలిన రెండు సీట్లను తిప్పడానికే ఉన్నాయి. ఈ రెండో జత కొన్ని చోట్ల మొదటి జతకు దగ్గరగా, కొన్ని చోట్ల దూరంగా సాగుతుంది. ఆ జతను పట్టుకుని నడిచే చక్రాలు ఒక పళ్ళకడ్డీని పైకీ కిందికీ జరుపుతాయి. ఆ కడ్డీ పళ్ళచక్రాన్ని, పళ్ళచక్రం సీటు ఇరుసును తిప్పుతాయి. కారు స్టీరింగులో ఉండే రాక్ అండ్ పినియన్‌ను తలుచుకోండి: అక్కడ చక్రం తిరిగితే కడ్డీ జరుగుతుంది, ఇక్కడ కడ్డీ జరిగితే చక్రం తిరుగుతుంది. పట్టాల మధ్య ఎడం మారని చోట సీటు బండితో పాటు వంగుతుందే తప్ప విడిగా తిరగదు. బండి కాస్త నెమ్మదిగా వచ్చినా సీటు కూడా నెమ్మదిగా తిరుగుతుంది గానీ, తిరిగే కోణం మారదు. ప్రయాణికుడి శరీరం ఏ చోట ఏ దిక్కుకు ఉంటుందో డిజైనరుకు ముందే తెలియడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి.

గిరక (జవాబు):
పై వివరణకు ఒక పోలిక చేర్చుతాను. స్టాక్‌హోమ్‌లోని గ్రోనా లుండ్ పార్కులో 2009లో ప్రారంభమైన ఇన్సేన్ అనే రోలర్ కోస్టర్‌లో ఇలాంటి అదుపు పట్టాలు లేవు. అక్కడ సీట్లు ఇరుసు మీద స్వేచ్ఛగా ఊగుతాయి కనుక, కూర్చున్నవారి బరువు ఎటు ఎక్కువగా ఉందన్నదాన్ని బట్టి ప్రతి ప్రయాణమూ మారుతుంది. టెక్సస్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ ఫియెస్టాలో 2015లో వచ్చిన బ్యాట్‌మన్ రైడ్ మధ్యేమార్గం: సీట్లు స్వేచ్ఛగానే ఉన్నా, కొన్ని చోట్ల అయస్కాంతాలు వాటిని పల్టీ కొట్టిస్తాయి.

ఇరుసు:
చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. మరొక సందేహం: సీట్లను పట్టాల మీద కాక, రెక్కల్లా ఇరువైపులా ఎందుకు పెట్టారు?

పళ్ళచక్రం:
సీటు పూర్తిగా గుండ్రంగా తిరగాలంటే కాళ్ళకూ తలకూ చుట్టూ ఖాళీ కావాలి. పట్టాల మీదే కూర్చోబెడితే కాళ్ళు వాటికే తగులుతాయి. అందుకే ఒక్కో పెట్టెకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు చొప్పున, ఏడు పెట్టెలలో 28 మంది కూర్చుంటారు. ఈ సౌకర్యానికి మూల్యం బరువు. అంత బయటికి చాచిన చేతుల మీద మనుషులనూ పళ్ళచక్రాలనూ మోయాలంటే చట్రం దృఢంగా ఉండక తప్పదు. ఈ రైడ్ 2002 జనవరిలో ఎక్స్ అనే పేరుతో మొదలయ్యేనాటికే దాన్ని తయారుచేసిన యారో డైనమిక్స్ దివాలాకు దరఖాస్తు చేసుకుంది. ఆ సంస్థ ఆస్తులను కొన్న ఎస్ అండ్ ఎస్ తరువాత తేలికైన కొత్త బండ్లను తయారుచేయగా, 2008 మేలో రైడ్ ఎక్స్2గా తిరిగి తెరుచుకుంది. జపాన్‌లోని ఫుజి-క్యూ హైల్యాండ్‌లో 2006లో వచ్చిన ఏజానైకా కూడా ఇదే నాలుగు పట్టాల పద్ధతిలో నడుస్తుంది.

గిరక:
ఆ రెక్క పొడవు ప్రభావం ప్రయాణికుడికీ తెలుస్తుంది. పట్టాకు దూరమైన కొద్దీ ప్రతి చిన్న అదురూ పెద్దదవుతుంది కనుక, ఈసారి వెళ్ళినప్పుడు లోపలి సీటు దొరుకుతుందేమో అడిగి చూడండి. తిరగడం ఏమాత్రం తగ్గదు, కుదుపు మాత్రం తగ్గుతుంది.