అప్‌డేట్: ప్రియదర్శిని సన్నివేశం, నా బొమ్మలు

‘మాయాబజార్’ (1957)లోని ప్రియదర్శిని పేటిక సన్నివేశం చూసినప్పుడల్లా కళ్లు చెమర్చుతున్నాయని, ఈ అభిమానాన్ని నిత్య వ్యాపకంగా ఎలా మలచుకోవచ్చని లోగడ అడిగాను. శబ్దం ఆపి చూస్తూ బొమ్మలు గీయమన్న సలహాను శ్రద్ధగా పాటిస్తున్నాను.

చూసేవారికి ప్రియమైనదేదో దానినే చూపే ఆ పేటికలో రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తారు. ఒకే ఇంట మసలే మనుషుల మనసులు ఇంత వేర్వేరు చోట్ల నిలిచి ఉండడమే నన్ను కదిలిస్తున్నదని, ఆ ముఖాలను పక్కపక్కనే గీస్తున్నప్పుడు స్పష్టమైంది. అన్నింటికన్నా కష్టమైనది సావిత్రి గారి ముఖం. ఘటోత్కచుడు శశిరేఖగా మారిన ఘట్టాలలో ఆమె నడకలోకి మగతనం వచ్చి, ఎవరైనా ఎదురుపడగానే సిగ్గుగా మారే ఆ క్షణం నా పెన్సిలుకు ఇంకా చిక్కలేదు.

చెన్నైలో మేముండే వడపళనిలోనే ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉండేది (అక్కడే ఈ చిత్రాన్ని తీశారు). మా అమ్మాయి కూడా ఇప్పుడు నా పక్కన కూర్చుని గీస్తోంది. ఈ చిత్ర ఛాయాగ్రాహకులు మార్కస్ బార్‌ట్లే గారు సృష్టించిన పడవ పాట వెన్నెలను నలుపు తెలుపులలో చూపడానికి బొగ్గుపుల్ల మేలా, సిరా మేలా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.