ఏకపోగు డీఎన్‌ఏ సగమే తయారవుతోంది, ఎందుకు?

అనంతపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ప్రాజెక్టు చేస్తున్నాను. జన్యు సవరణలో మూసగా వాడటానికి 1,200 బేసుల ఏకపోగు డీఎన్‌ఏ కావాలి. రెండుపోగుల డీఎన్‌ఏ కణంలోకి వెళ్తే సీగ్యాస్ అనే ప్రోటీన్ పసిగట్టి గొడవ చేస్తుంది, అందుకే ఈ తిప్పలు.

పద్ధతి ఇది: ఒక ప్రైమర్‌కు (కాపీ మొదలవ్వడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్క) టీ4 కైనేజ్ అనే ఎంజైమ్, ఫాస్ఫేట్ ఇచ్చే ఏటీపీలతో 5 ప్రైమ్ కొసన (పోగు మొదటి కొస) ఫాస్ఫేట్ తగిలించి (37 డిగ్రీలు, 30 నిమిషాలు) పీసీఆర్ (డీఎన్‌ఏకు బోలెడు కాపీలు తీసే పద్ధతి) చేస్తున్నాను. కాలమ్‌లో శుభ్రం చేశాక, ఫాస్ఫేట్ ఉన్న పోగును లాంబ్డా ఎక్సోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌తో తినిపిస్తున్నాను. అదీ 37 డిగ్రీల్లో 30 నిమిషాలే.

డీఎన్‌ఏను విడదీసి చూపే జెల్‌లో రెండుపోగుల బ్యాండు దాదాపు సగం మందంతో అలాగే ఉంటోంది. దాని కింద మసగ్గా ఇంకో బ్యాండు వస్తోంది. ప్రధానంగా ఏకపోగునే తినే ఎస్1 న్యూక్లియేజ్ వేస్తే ఈ కింది బ్యాండు ఒక్కటే మాయమైంది. అంటే ఏకపోగు కొంత వస్తున్నట్టే కదా!

లాంబ్డా ఎంజైమ్ రెట్టింపు చేశాను, సమయం 2 గంటలకు పెంచాను, తేడా లేదు. ఒక ప్రైమర్ తగ్గించి 1:50 నిష్పత్తిలో పీసీఆర్ చేసినా దిగుబడి మరీ తక్కువ. హైదరాబాద్ నుంచి ఐస్‌లో వచ్చిన ఎంజైమ్ దారిలో వేడెక్కిందేమో అని మొదట టెన్షన్ పడ్డాను. అది చచ్చిపోతే అసలేమీ తినదుగా, కాబట్టి ఇప్పుడు నా అనుమానమంతా ఫాస్ఫేట్ మీదే. ఫాస్ఫేట్‌తోనే వచ్చే ప్రైమర్ కొందామంటే ఈ నెల బడ్జెట్ అయిపోయింది.

ప్రైమర్లలో ఎంత భాగానికి ఫాస్ఫేట్ అంటుకుందో మామూలు కాలేజీ ల్యాబులో, రేడియోధార్మిక పదార్థాలు లేకుండా, ఎలా తేల్చుకోవచ్చు?