జయపురం ఎయిర్‌పోర్టు దగ్గర చికెన్ షాపుకి అనుమతి ఎలా?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో మా బాబాయికి చికెన్ షాపు ఉంది. 1937 ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 91వ రూల్ ప్రకారం ఎయిర్‌పోర్టు రిఫరెన్స్ పాయింట్ (ఎయిర్‌పోర్టు ఎక్కడుందో చూపే అధికారిక బిందువు) నుంచి 10 కిలోమీటర్ల లోపు జంతువులను కోయకూడదు, పక్షులు మూగే చెత్త వేయకూడదు. ఆ లెక్కన ఊరంతా అందులోనే! కోడి కూడా జంతువు కిందకే వస్తుందా?

కారణం అర్థమైంది. ఈకలూ పేగులూ పడేసిన చోట గద్దలు తిరుగుతాయి, ఇక్కడికొచ్చే చిన్న విమానానికి ఒక్కటి తగిలినా ముప్పే. కానీ సరైన ఏర్పాట్లుంటే డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చని అదే రూల్‌లో ఉంది. మూత ఉన్న డ్రమ్ములు, రోజూ వ్యర్థాలు ఎత్తుకెళ్లే బండి చూపిస్తే సరిపోతుందా? దరఖాస్తు నేరుగా పంపాలా, మున్సిపాలిటీ ద్వారానా? విశాఖ వైపు ఎవరైనా తెచ్చుకుని ఉంటే చెప్పండి, బాబాయి ఒకటే టెన్షన్ పడుతున్నాడు.