పాత డెస్క్‌టాప్‌కి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ కొనమంటున్నాడు షాపతను. కొనాలా, వద్దా?

కేఆర్‌పురం_కుర్రాడు:

అందరికీ నమస్తే. డౌటు చిన్నదే, కానీ డబ్బుతో ముడిపడింది కాబట్టి అడుగుతున్నా. మా నాన్న రిటైరయ్యాక అనంతపురం నుంచి బెంగళూరు మా ఇంటికి వచ్చేశారు, వస్తూ వస్తూ తన డెస్క్‌టాప్ కూడా మోసుకొచ్చారు. పదేళ్ళు దాటిన మిషను. 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి స్నానానికి వెళ్ళొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఫోటోల ఫోల్డర్ తెరిస్తే లోపల కరకరమని ఒకటే చప్పుడు.

వీధి చివర షాపులో చూపిస్తే, "ఫైళ్ళన్నీ ముక్కలు ముక్కలైపోయాయి సార్, డీఫ్రాగ్ చెయ్యాలి" అని ఏదో సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసిచ్చాడు. అది స్కాన్ చేసి ఎర్ర అక్షరాల్లో "పరిస్థితి తీవ్రం" అంటుంది, సరిచెయ్యమంటే ఏడాది లైసెన్సు కొనమంటుంది. పైగా ఒక్క లైసెన్సు మూడు కంప్యూటర్లకు పనిచేస్తుందట, మీ ల్యాప్‌టాప్‌కి కూడా వేసుకోండి అంటున్నాడు. నా ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీది, అంటే తిరిగే డిస్క్ బదులు చిప్పుల్లో దాచుకునే రకం. నాన్నేమో "డబ్బెంతైనా ఫర్వాలేదు, నా ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు మాత్రం పోకూడదు" అని టెన్షన్ పడుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎర్రటోపీ:

కొనొద్దు బ్రదర్. విండోస్‌లోనే ఉంది. స్టార్ట్ నొక్కి "డీఫ్రాగ్" అని టైప్ చెయ్యి, "డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" అని వస్తుంది. అందులో ఒక్కో డ్రైవ్ పక్కన అది హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా అన్నది కూడా రాసి ఉంటుంది. హార్డ్ డిస్క్‌ని ఎంచుకుని అనలైజ్ నొక్కితే ఎంత శాతం ముక్కలైందో చెబుతుంది. ఫ్రీ. ల్యాప్‌టాప్ జోలికి మాత్రం ఆ ట్రయల్‌ని పోనివ్వకు.

పాతముచ్చట్లు:

ఎర్రటోపీ గారు మరీ టపీమని తేల్చేశారు. అబ్బాయి అడిగింది కొనాలా వద్దా అనే అయినా, అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే రేపు ఇంకో షాపువాడు ఇంకోటి అంటగట్టడు కదా, అందుకని కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

హార్డ్ డిస్క్ మీద విండోస్ ఫైళ్ళను మామూలుగా 4 కేబీ క్లస్టర్లుగా, అంటే చిన్న చిన్న గళ్ళుగా పెడుతుంది. డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ వరసగా పడతాయి. ఏళ్ళ తరబడి రాసి, చెరిపి, మళ్ళీ రాస్తూ పోతే ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇరికిస్తుంది. పండక్కి ఇంటిల్లిపాదికీ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు తీస్తే తలో బోగీలో బెర్తు పడినట్టన్నమాట. ఇక ఆ ఫైలు చదవాలంటే, ఒక చెయ్యి చివర ఉండే రీడ్ హెడ్ ఒక్కో ముక్క దగ్గరికీ వెళ్ళాలి. 7200 ఆర్‌పీఎం డిస్క్, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరిగేది, ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు, అంటే కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్ల పైన. దానికి ముందు ఆ చెయ్యి జరగడానికి ఇంకో 8, 9 వేసుకోండి. గెంతుకి 12 మిల్లీసెకన్లు అనుకుంటే, వెయ్యి ముక్కలైన ఫైలుకి గెంతులకే 12 సెకన్లు పోతాయి, చదవడం వేరే. మీకు వినిపించే కరకర ఆ చెయ్యి అటూ ఇటూ ఊగే చప్పుడే. ఆ ముక్కల్ని ఏరి మళ్ళీ వరసగా పెట్టడమే డీఫ్రాగ్.

1993లో వచ్చిన ఎమ్మెస్ డాస్ 6 లోనే డీఫ్రాగ్ ఉండేది, సిమాంటెక్ దగ్గర లైసెన్సు తీసుకుని పెట్టారు. విండోస్ 2000, ఎక్స్‌పీల్లోది డిస్క్‌కీపర్ వాళ్ళ సరుకు. విండోస్ 98 రోజుల్లో నెట్ సెంటర్ నడిపినవాడిని, రాత్రి షట్టర్ దించే ముందు డీఫ్రాగ్ పెట్టి ఆ రంగురంగుల గళ్ళు ఒక్కొక్కటీ సర్దుకుంటుంటే అలా చూస్తూ కూర్చోవడం ఒక సరదా. విస్తాలో ఆ బొమ్మ తీసేశారు, ఎందుకు తీశారో గానీ అన్యాయం. ఇప్పటికీ నా పాత మిషన్లకు నెలకోసారి డిఫ్రాగ్లర్ పెడతాను, అందులో గళ్ళూ కనిపిస్తాయి, కావాలంటే ఒక్క ఫైలునే సర్దుకోవచ్చు కూడా. కాబట్టి డీఫ్రాగ్ దండగ అని ఎవరైనా అంటే నమ్మకండి.

సగంసాంబారు:

మామా, దండగ అని ఎవరూ అనలేదు, కొనడం దండగ అన్నారు 😀

అయినా ఒక మాట. ఇప్పటి విండోస్ 64 ఎంబీ కన్నా పెద్ద ముక్కల్ని అసలు ముక్కలుగానే లెక్కపెట్టదు. అంత పెద్ద ముక్క చదవడానికే అర సెకను పైన పడుతుంది, మధ్యలో 12 మిల్లీసెకన్ల గెంతు లెక్కలోకి రాదు. కొన్ని అమ్ముడు సాఫ్ట్‌వేర్లు మాత్రం రెండు గంటల సినిమా ఫైలు మూడు ముక్కలైనా దాన్ని కూడా కలిపేసి ఎర్రగా చూపించి భయపెడతాయి. అందుకే షాపువాడి స్కాన్‌కీ విండోస్ అనలైజ్‌కీ పొంతన ఉండదు. నువ్వు విండోస్ చెప్పింది నమ్ము.

హోసూర్‌రోడ్_లత:

ఎవరూ అడగలేదేంటి, సి డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉంది? కనీసం 15 శాతం ఖాళీ లేకపోతే డీఫ్రాగ్ సరిగ్గా అవ్వదు, ముక్కల్ని పక్కన పెట్టి సర్దడానికి చోటు కావాలి కదా. ముందు రీసైకిల్ బిన్, టెంపరరీ ఫైళ్ళు ఖాళీ చెయ్యండి.

ఇంకోటి, డీఫ్రాగ్ కంటే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ టూల్ ఉంది, దాంతో డిస్క్ ఆరోగ్యం చూడండి. పదేళ్ళు దాటిన డిస్క్ అంటున్నారు, చప్పుడు అంటున్నారు. పోయే డిస్క్ మీద డీఫ్రాగ్ పెడితే గంటల తరబడి దాన్ని ఊపిరి సలపనివ్వకుండా తిప్పినట్టే. నేను ఆఫీసులో ఇవే పనులు చూస్తాను, స్లో అని వచ్చిన పాత మిషన్లలో అసలు జబ్బు డిస్క్‌దే అయిన సందర్భాలు చాలా చూశాను.

కేఆర్‌పురం_కుర్రాడు:

అందరికీ థ్యాంక్స్. రాత్రి కూర్చుని చెప్పినవన్నీ చూశాను. అనలైజ్ చేస్తే సి డ్రైవ్ 23 శాతం, ఫోటోలున్న డి డ్రైవ్ 4 శాతం. సి 100 జీబీ పార్టిషన్, అందులో ఖాళీ 6 జీబీయే. చివరిసారి ఎప్పుడు నడిచిందన్న చోట "నెవర్ రన్" అని ఉంది, షెడ్యూల్ మాత్రం వారానికోసారి ఆన్‌లోనే ఉంది. అదెలా?

లత గారు చెప్పిన టూల్ కూడా వేశాను. పైన పసుపు రంగులో "కాషన్" అని ఉంది. కింద లిస్టులో సీ5 దగ్గర, "కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్" అని ఉన్న వరసలో, చివర 10 అని ఉంది, దాని ముందంతా సున్నాలు. 05 వరసలో అన్నీ సున్నాలే. పదే కదా, ఫర్వాలేదా? ఖాళీ చేసి డీఫ్రాగ్ పెట్టెయ్యనా?

హోసూర్‌రోడ్_లత:

ఆగండి ఆగండి, ఏదీ పెట్టకండి.

అది పది కాదు. ఆ టూల్ ఆ అంకెల్ని హెక్సాడెసిమల్‌లో, అంటే పదుల బదులు పదహార్ల లెక్కలో చూపిస్తుంది, 10 అంటే 16. సెక్టర్ అంటే డిస్క్ మీద డేటా పెట్టే చిన్న గడి. పెండింగ్ అంటే డిస్క్ చదవబోయి చదవలేకపోయిన సెక్టర్లు, వాటిని ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదని. 05 అంటే అలా పాడైన వాటి బదులు స్పేర్ సెక్టర్లు వాడుకున్న లెక్క, అది సున్నా కాబట్టి ఈ గొడవ కొత్తగా మొదలైందేమో. ఆ 16 సెక్టర్లలో ఏ ఫైలుందో మనకి తెలియదు, ఖాళీ చోటే కావచ్చు, మీ నాన్నగారి పొలం స్కాను కావచ్చు. కంప్యూటర్ స్లోగా ఉండడానికి కూడా ఇదే కారణం కావచ్చు, అలాంటి సెక్టర్ తగిలినప్పుడు డిస్క్ మళ్ళీ మళ్ళీ చదవడానికి ప్రయత్నిస్తూ అక్కడే ఆగిపోతుంది.

ముందు కాగితాల స్కాన్లు, తర్వాత ఫోటోలు, ఆ తర్వాత మిగతావి, ఈ వరసలోనే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అవుతుంటే ఏదైనా ఫైలు దగ్గర ఎర్రర్ వస్తే స్కిప్ కొట్టి ముందుకెళ్ళండి, దానితో కుస్తీ పట్టొద్దు. డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ కూడా ఇప్పుడే వద్దు, అన్నీ బయటికి తీశాక ఏం చేసినా మీ ఇష్టం.

ఎర్రటోపీ:

లత గారి మాటే నా మాట. షెడ్యూల్ సంగతి అడిగావు కదా, అది కంప్యూటర్ ఆన్‌లో ఉండి ఎవరూ వాడనప్పుడే నడుస్తుంది. మీ నాన్నగారు పనైపోగానే ఆపేసి, గోడ దగ్గర స్విచ్ కూడా తీసేసే రకమై ఉంటారు. మా ఇంట్లోనూ అంతే.

కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని బాగుచేసే ఆలోచన మానేసి ఒక 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టెయ్యి (సాటా అంటే డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే కనెక్షన్). పదేళ్ళ నాటి డెస్క్‌టాప్ అంటే సాటా పోర్టు ఖాళీ ఉండే ఉంటుంది. కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్ళు, కేఆర్ పుర నుంచి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషన్ చిక్‌పేట, అక్కడ దిగి నడిచిపోవచ్చు. రెండు మూడు షాపులు అడిగి, సీలున్న ప్యాకెట్, జీఎస్‌టీ బిల్లు చూసి తీసుకో, సాటా కేబుల్ కూడా అడుగు. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి క్లోన్ చెయ్యొద్దు, పాడైన సెక్టర్ల దగ్గర ఆగిపోతుంది, విండోస్ కొత్తగా వేసుకోవడమే హాయి. అన్నట్టు విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఆ వయసు ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. మీ నాన్నగారు చూసేది ఫోటోలు, యూట్యూబే అయితే విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ మింట్ వేసినా నడిచిపోతుంది, కాకపోతే మొదటి నెల రోజులూ ప్రతి డౌటుకీ నిన్నే పిలుస్తారు.

పాతముచ్చట్లు:

పెండింగ్ సెక్టర్లుంటే నేనూ డీఫ్రాగ్ పెట్టమనను, లత గారు చెప్పిందే కరెక్టు. ఎస్ఎస్‌డీ పెట్టాక మాత్రం డీఫ్రాగ్ గొడవే లేదు, అందులో తిరిగే పళ్ళెమూ లేదు, ఊగే చెయ్యీ లేదు, ముక్క ఎక్కడున్నా దాదాపు ఒకే వేగం. పైగా ప్రతి సెల్‌నీ ఇన్నిసార్లే రాయగలం అనే లెక్క ఉంటుంది, ఊరికే సర్దుతూ పోతే ఆ లెక్క కరిగిపోతుంది. విండోస్ 8 నుంచి అదే ఆప్టిమైజ్ బటన్ ఎస్ఎస్‌డీకి ట్రిమ్ పంపిస్తుంది, అంటే ఫలానా చోట్లలో ఉన్నది చెరిపేసిన సరుకు, తీరిక ఉన్నప్పుడు శుభ్రం చేసుకో అని చెప్పడం.

సగంసాంబారు:

సిస్టమ్ రిస్టోర్ (తేడా వస్తే విండోస్‌ని పాత స్థితికి తిప్పే సదుపాయం) ఆన్‌లో ఉంటే విండోస్ అప్పుడప్పుడు ఎస్ఎస్‌డీని కూడా కొంచెం డీఫ్రాగ్ చేస్తుంది మామా. అది దాని లెక్క ప్రకారం తక్కువగా చేసుకుంటుంది, దానివల్ల నష్టం లేదు. షెడ్యూల్‌ని ఆఫ్ చెయ్యకుండా వదిలెయ్యడమే మంచిది, కొంతమంది ఎస్ఎస్‌డీ అనగానే మొత్తం ఆపేస్తారు, దాంతో ఆ ట్రిమ్ కూడా ఆగిపోతుంది.

కేఆర్‌పురం_కుర్రాడు:

స్కాన్లు, ఫోటోలు అన్నీ బయటికొచ్చేశాయి. నాలుగు ఫోటోల దగ్గర ఎర్రర్ వచ్చింది, స్కిప్ కొట్టాను. వాటిలో మూడు అక్క వాట్సాప్‌లో ఉన్నాయట, నాలుగోది ఏంటో నాన్నకే గుర్తులేదు. ట్రయల్ అన్‌ఇన్‌స్టాల్ చేశాను, పోతూ పోతూ కూడా సగం ధరకి ఇస్తానంది. వీలు చూసుకుని ఎస్పీ రోడ్డుకి వెళ్తాను. మింట్ మాటెత్తితే నాన్న "తెలుగు టైపింగ్ వస్తుందా అందులో?" అని అడిగారు, వస్తుందా?

ఎర్రటోపీ:

వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ (భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్) అందులోనే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలుపుకుంటే చాలు.

మడివాళ_మనోడు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంది, నిండా సినిమాలే. నిన్న దానికి డీఫ్రాగ్ పెట్టి పడుకున్నా, పొద్దున లేచి చూస్తే ఇంకా 9 శాతం దగ్గరే ఉంది. ఆపెయ్యొచ్చా? మధ్యలో ఆపితే ఫైళ్ళు పోతాయా?

హోసూర్‌రోడ్_లత:

ఆపెయ్యండి, ఏమీ కాదు. స్టాప్ బటన్ నొక్కి ఆపండి, కేబుల్ మాత్రం లాగకండి. ఒక ముక్కని కొత్త చోట పూర్తిగా రాశాకే పాత చోటు వదులుతుంది, అందుకని మధ్యలో ఆపినా ఫైలు చెడదు.

అంత స్లోగా నడుస్తోందంటే అది ఎస్ఎంఆర్ డిస్క్ అయ్యుండొచ్చు, ఆ సైజు పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిలో అదే ఉంటుంది. ట్రాకులు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కినట్టు ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవన్నీ మళ్ళీ రాయాలి, డీఫ్రాగ్ లాంటి పనికి అవి చచ్చేంత నెమ్మది. సినిమాలు ఎలాగూ పెద్ద ఫైళ్ళు, సర్దినా మీకు తేడా తెలియదు. ఆపాక డిస్క్‌ని కాసేపు ప్లగ్‌లోనే ఉంచండి, లైటు మినుకుమినుకుమనడం ఆగాక ఎజెక్ట్ చేసి తీయండి.