సౌండ్ రాకూడదు, ఓవర్‌క్లాక్ కూడా చేయాలి: కొత్త పీసీకి ఏ పార్ట్స్ తీసుకోమంటారు?

పల్నాడు_పాఠాలు:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. పదో తరగతి పిల్లలకి ఫిజిక్స్ పాఠాలు ఇంట్లోనే రికార్డ్ చేసి, ఎడిట్ చేసి ఆన్‌లైన్‌లో పెడుతుంటాను. రికార్డింగ్, ఎడిటింగ్, రెండరింగ్ అన్నీ ఒకే చిన్న గదిలో. మైకు ఆన్ చేసే ముందు సీలింగ్ ఫ్యాను, ఏసీ రెండూ ఆపేస్తాను, లేకపోతే వాటి శబ్దం వాయిస్‌లో పడిపోతుంది. అవి ఆగాక గదిలో వినిపించేది సీపీయూ రొద ఒక్కటే, అది కూడా ఒకసారి తగ్గుతూ ఒకసారి పెరుగుతూ ఉంటుంది.

ఇప్పుడున్నది ఇంటెల్ ఐ5-4690కె ప్రాసెసర్, జెడ్97 బోర్డు. 4.4 గిగాహెర్ట్జ్‌కి ఓవర్‌క్లాక్ చేసి (అంటే కంపెనీ పెట్టిన దానికంటే ఎక్కువ స్పీడ్‌కి పెంచి) ఇన్నేళ్లూ నడిపాను, పాపం ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. కానీ కెమెరా మార్చాక 4కె 10-బిట్ 4:2:2 ఫైళ్లు (రంగుల వివరం ఎక్కువగా ఉండే బరువైన వీడియోలు) టైమ్‌లైన్ మీద వేస్తే అడుగు కదలడం లేదు. బడ్జెట్ ఒకటిన్నర లక్ష దాకా పెట్టగలను, మానిటర్, కీబోర్డు, యూపీఎస్ ఉన్నాయి. ఓవర్‌క్లాకింగ్ అంటే నాకు నిజంగా ఇష్టం, పెట్టిన డబ్బుకి చిప్‌లో ఉన్నదంతా రాబట్టుకోవాలనిపిస్తుంది, అందుకే ఆ అవకాశం ఉన్న పార్ట్స్ కావాలి.

అడగాలనుకున్నవి: ఇంటెలా, ఏఎండీనా? వాటర్ కూలర్ పెడితే సౌండ్ తగ్గుతుందా? లోపల ఫోమ్ అతికించిన సైలెంట్ క్యాబినెట్‌లు మా ఎండలకి పనికొస్తాయా? రెంటచింతల మాకు దగ్గరే, వేసవిలో ఇక్కడ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

కూకట్‌పల్లి_క్లాక్స్:

అన్నా, హాస్వెల్ (మీ 4690కె తరం) రోజుల ఓవర్‌క్లాకింగ్ ఇప్పుడు లేదు, ముందు అది మనసులోంచి తీసేయండి. అప్పుడు 3.5కి అమ్మిన చిప్‌ని మనం 4.4కి తీసుకెళ్లేవాళ్లం, ఆ మధ్యలో ఖాళీ అంతా మనకే వదిలేశారు. ఇప్పుడు ఆ ఖాళీని కంపెనీలే బూస్ట్ పేరుతో వాడేసి అమ్ముతున్నాయి. ఉదాహరణకి ఏఎండీ రైజెన్ 7 9700ఎక్స్ బాక్సులోంచి తీసి పెట్టగానే ఒక్క కోర్ మీద దానంతట అదే 5.5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లేలా తయారైంది. పాత పద్ధతిలో అన్ని కోర్లనీ ఒకే స్పీడ్ దగ్గర బిగిస్తే ఆ 5.5 పోతుంది, వేడి పెరుగుతుంది, మీకు దక్కేది ఫ్యాన్ రొద.

ఇప్పుడు చేయాల్సింది వోల్టేజ్ తగ్గించడం. ఏ స్పీడ్‌కి ఎంత వోల్టేజ్ ఇవ్వాలో ఫ్యాక్టరీలోనే చిప్‌లో రాసి పెడతారు, అన్ని చిప్పులూ పాస్ కావాలి కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తారు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో) పీబీవో అనే ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ మెనూ కింద కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది, అందులో మైనస్ 15 అనో మైనస్ 20 అనో ఇస్తే ఆ లెక్క మొత్తం కిందికి జరుగుతుంది, ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్ట్‌లు. వోల్టేజ్ తగ్గింది కాబట్టి అదే వాట్స్‌లో చిప్ ఇంకొంచెం పైకి వెళ్తుంది. అంటే స్పీడూ పెరుగుతుంది, వేడీ పెరగదు, మీరు అడిగిన రెండూ ఒకేచోట దొరికేది ఇక్కడే.

అందుకే నేను 9700ఎక్స్ తీసుకోమంటాను. దాని టీడీపీ (కంపెనీ చెప్పే వేడి లెక్క) 65 వాట్స్, అసలు సాకెట్‌లోంచి లాగే పరిమితి 88. తర్వాత వచ్చిన బయోస్‌లలో 105 వాట్స్ మోడ్ కూడా ఇచ్చారు, రెండర్ పెట్టి మీరు బయటికి వెళ్లేటప్పుడు అది ఆన్ చేసుకోవచ్చు. బోర్డు బీ650 గానీ బీ850 గానీ చాలు, ఏ620 మాత్రం వద్దు, దాంట్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. ర్యామ్ డీడీఆర్5-6000 సీఎల్30, రెండు స్టిక్‌లే కొనండి, తర్వాత ఇంకో రెండు వేసుకుందాం అనుకోవద్దు, నాలుగు స్లాట్లూ నిండితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే స్పీడ్ 3600కి పడిపోతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, బడ్జెట్‌లో దానికి ముందే చోటు పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. మైనస్ ఎక్కువ ఇస్తే సిస్టమ్ చాలాసార్లు రెండర్ మధ్యలో పడిపోదు, ఊరికే బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది. తక్కువ లోడ్‌లోనే ఒక్కో కోర్ అన్నిటికంటే పై స్పీడ్‌కి వెళ్తుంది, అక్కడే వోల్టేజ్ చాలదు. కాబట్టి సినీబెంచ్ (అన్ని కోర్లకీ ఒకేసారి నిండు లోడ్ ఇచ్చే టెస్ట్) పాసైంది కదా అని వదిలేయకండి, కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోర్‌నీ విడిగా రాత్రంతా నడపండి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా-లాగర్ (WHEA-Logger) అనే హార్డ్‌వేర్ ఎర్రర్ కనిపిస్తే ఆ కోర్‌కి ఒక ఐదు వెనక్కి తగ్గించండి. పీబీవో వల్ల చిప్ పాడైతే వారంటీ రాదని ఏఎండీ ముందే చెప్పింది, అది తెలిసే దిగండి.

వైజాగ్_వాయిస్:

నేను డబ్బింగ్, ఆడియో పుస్తకాల పని చేస్తాను, కాబట్టి మైకు వైపు నుంచి చెప్తాను.

మీరు పాఠం రికార్డ్ చేస్తున్నప్పుడు ఆ ప్రాసెసర్ మీద దాదాపు ఏ పనీ ఉండదు. అసలు రొద రావాల్సింది రెండర్ అప్పుడు, అప్పుడు మైకు ఆఫ్‌లో ఉంటుంది. అయినా రికార్డింగ్‌లో ఫ్యాన్ ఎందుకు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది? కొత్త రైజెన్‌లలో అయితే ఇది ఇంకా ఎక్కువ: ఒక ట్యాబ్ తెరిస్తే చాలు టెంపరేచర్ క్షణంలో 15, 20 డిగ్రీలు ఎగిరి మళ్లీ కిందికి వస్తుంది, బోర్డు ఫ్యాన్ దాని వెంట పరుగెడుతుంది. ఒకే స్థాయిలో సన్నగా వచ్చే శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌తో శుభ్రంగా తీసేయొచ్చు, పైకీ కిందికీ ఊగే శబ్దాన్ని తీయబోతే గొంతు కూడా డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోతుంది. కాబట్టి ఫ్యాన్ కర్వ్ (ఏ వేడికి ఎంత స్పీడ్ అన్న గీత) 70 డిగ్రీల దాకా బల్లపరుపుగా ఉండాలి. ఫ్యాన్ కంట్రోల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో రికార్డింగ్‌కి ఒక ప్రొఫైల్, రెండర్‌కి ఒకటి పెట్టుకోండి. స్పీడ్ మారే ముందు కొన్ని సెకన్లు ఆగేలా కూడా సెట్ చేయొచ్చు.

లెక్క కూడా చెప్తాను. ఫ్యాన్ స్పీడ్ రెట్టింపైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. అదే ఒక ఫ్యాన్ పక్కన అలాంటిదే ఇంకో ఫ్యాన్ పెడితే పెరిగేది 3 మాత్రమే. 1500 ఆర్‌పీఎమ్ నుంచి 1000కి తెస్తే గాలి మూడో వంతు తగ్గుతుంది, శబ్దం మాత్రం 9 డెసిబెల్స్ దాకా దిగుతుంది. పెద్ద ఫ్యాన్లు, ఎక్కువ ఫ్యాన్లు, నెమ్మదిగా తిరగాలి, ఇదే సూత్రం.

వాటర్ కూలర్ మీకు వద్దు. దాని పంప్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఆ సన్నటి హమ్ ఒకే స్వరంలో వస్తుంది, చెవికి తెలియకపోయినా మైకుకి తెలుస్తుంది. 88 వాట్స్ చిప్‌కి దాని అవసరమే లేదు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ లాంటి రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు. డబ్బు మిగిలితే నాక్టువా ఎన్‌హెచ్-డీ15 తీసుకోండి, కాకపోతే అది 165 మిల్లీమీటర్ల ఎత్తు, క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలతలు చూసుకోవాలి.

హార్డ్ డిస్క్ ఉంటే సీపీయూలోంచి తీసేయండి. 7200 ఆర్‌పీఎమ్ డిస్క్ అంటే సెకనుకి 120 తిప్పులు, సరిగ్గా 120 హెర్ట్జ్ హమ్, మగగొంతు ఉండే చోటే అది కూర్చుంటుంది. దాని వణుకు క్యాబినెట్ రేకుకి, రేకు నుంచి టేబుల్‌కి, టేబుల్ నుంచి మైకు స్టాండ్‌కి పాకుతుంది. ఎన్‌వీఎమ్ఈ (తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ) మీద పని చేసుకుని, పాత ఫైళ్లు యూఎస్‌బీ డిస్క్‌లో దాచి, రికార్డింగ్ అప్పుడు వైరు పీకేయండి.

మీ మైకు కార్డియాయిడ్ (ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) అయితే దాని వీపు వైపు వినికిడి బాగా తక్కువ. సీపీయూ సరిగ్గా ఆ వైపు, టేబుల్ మీద కాకుండా కింద, వీలైనంత దూరంగా ఉండాలి. దూరం రెట్టింపు చేస్తే ఇంకో 6 డెసిబెల్స్ పోతాయి (చిన్న గదిలో గోడల వల్ల కొంచెం తక్కువే వస్తుంది), పొడుగు హెచ్‌డీఎమ్ఐ కేబుల్ ధరకి అంతకంటే మంచి సైలెన్సర్ దొరకదు.

పాత_అసెంబ్లర్_సికింద్రాబాద్:

పై ఇద్దరూ చెప్పిన దాంట్లో క్యాబినెట్, గ్రాఫిక్స్ కార్డు సంగతి మిగిలిపోయింది.

ఫోమ్ క్యాబినెట్ మన వేసవికి వద్దు తమ్ముడూ. ముందు తలుపు మూసి ఉంటే గాలి ఇరుకు సందుల్లోంచి రావాలి, లోపల వేడెక్కుతుంది, ఫ్యాన్లు స్పీడందుకుంటాయి, ఆ శబ్దాన్ని ఆపడానికి మళ్లీ ఫోమ్ కావాలి. చలి దేశాల్లో బాగుంటాయి. మనకి ముందు అంతా జాలీ ఉన్నది కావాలి. లియాన్ లీ ల్యాన్‌కూల్ 216లో ముందు రెండు 160 మి.మీ. ఫ్యాన్లు, వెనక ఒక 140 కంపెనీయే ఇస్తుంది, వాటిని నెమ్మదిగా తిప్పితే చాలు. దుమ్ము ఫిల్టర్ మాత్రం నెలనెలా కడగాలి, జాలీకి దుమ్ము పట్టిందంటే మీరు కొన్న నిశ్శబ్దం అంతా పోయినట్టే.

కార్డు విషయంలో మీకు ఎంపిక పెద్దగా లేదు, అది మంచిదే. ఎన్‌విడియాలో 4:2:2 ఫైళ్లని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయడం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. 5060 టీఐ 16 జీబీ తీసుకోండి, 180 వాట్స్ కార్డు. కొనేటప్పుడు పెద్ద హీట్‌సింక్ ఉన్న మోడల్ చూడండి, రెండు ఫ్యాన్ల పొట్టి మోడల్ కన్నా మూడు ఫ్యాన్లది నెమ్మదిగా తిరుగుతుంది. తక్కువ లోడ్‌లో ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే మోడల్ అయి ఉండాలి. తర్వాత ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ తగ్గించి మెమరీ క్లాక్ కొంచెం పెంచుకోండి, మీ ఓవర్‌క్లాకింగ్ సరదా అక్కడ కూడా తీరుతుంది.

కొనడానికి ఓపిక ఉంటే ఒకసారి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి రండి, నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకుంటే ధరలో తేడా మీకే తెలుస్తుంది. ప్రాసెసర్ సీల్డ్ బాక్స్ అయి ఉండాలి, బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకోండి. విడి చిప్ తక్కువకి ఇస్తామంటే తీసుకోవద్దు, కంపెనీ ఇచ్చే మూడేళ్ల వారంటీ రిటైల్ బాక్సుకే.

నెల్లూరు_రెండర్:

నేను కొంచెం వేరుగా చెప్తాను. ఎడిటింగే ప్రధానమైతే ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కే కూడా చూడండి, 20 కోర్లు, రెండర్‌లో 9700ఎక్స్ కంటే ముందుంటుంది. కె చిప్, జెడ్890 బోర్డు ఉంటే మల్టిప్లయర్ (స్పీడ్‌ని నిర్ణయించే అంకె) మీ చేతిలోనే ఉంటుంది, మీకు అలవాటైన పద్ధతి కూడా. ఇంటెల్ 13, 14 తరాల్లో ఎక్కువ వోల్టేజ్ వల్ల చిప్పులు పాడైన గొడవ దీనికి లేదు.

కూకట్‌పల్లి_క్లాక్స్:

రెండర్‌లో ముందుంటుంది, కాదనను. కానీ దాని టర్బో పరిమితి 250 వాట్స్. 44 డిగ్రీల ఎండలో ఏసీ ఆపిన గదిలో ఆ 250 వాట్స్ ఎక్కడికి పోతాయి? కూలర్ చేయగలిగింది గది టెంపరేచర్ మీద ఎన్ని డిగ్రీలు అన్నదే, గది 12 డిగ్రీలు పెరిగితే చిప్ కూడా ఇంచుమించు 12 పెరుగుతుంది. పరిమితి పెట్టి 125 దగ్గర నడపొచ్చు, అప్పుడు అది కూడా బాగానే ఉంటుంది, కాకపోతే జెడ్ బోర్డుకి పెట్టే అదనపు డబ్బు నేనైతే కార్డు మీద పెడతాను.

పల్నాడు_పాఠాలు:

అందరికీ చాలా థాంక్స్. సీపీయూని మైకు వీపు వైపు పెట్టమన్నది ఇవాళే పాత మెషిన్‌తో చేసి చూశాను, హెడ్‌ఫోన్‌లో తేడా స్పష్టంగా తెలుస్తోంది. 9700ఎక్స్, బీ650, పీర్‌లెస్ అసాసిన్, ల్యాన్‌కూల్, 5060 టీఐ, ఇవి ఖాయం చేసుకున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై)లలో తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయేవి ఉంటాయట, మా వేడికి అలాంటిది తీసుకోవచ్చా? కర్వ్ ఆప్టిమైజర్ ఎప్పుడు మొదలుపెట్టాలి, బిగించిన రోజేనా?

పాత_అసెంబ్లర్_సికింద్రాబాద్:

ఎస్‌ఎంపీఎస్ 750 వాట్స్ గోల్డ్ తీసుకోండి, మీ మెషిన్ నిండు లోడ్‌లో కూడా దాంట్లో సగం దగ్గరే ఉంటుంది, అక్కడే అది బాగా పని చేస్తుంది, తక్కువ వేడెక్కుతుంది. ఫ్యాన్ ఆగే మోడ్ ఉన్నది నిరభ్యంతరంగా కొనొచ్చు, వేడి పెరిగితే దానంతట అదే తిరుగుతుంది. క్యాబినెట్ అడుగున ఫ్యాన్ కిందికి చూసేలా బిగించండి, బయటి గాలి తీసుకుంటుంది. పాత యూపీఎస్ వాట్స్ ఎన్నో ఒకసారి చూసుకోండి, వీఏ అంకె కాదు, వాట్స్ అంకె.

కూకట్‌పల్లి_క్లాక్స్:

బిగించిన రోజు ఏమీ ముట్టుకోకండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎమ్5 బోర్డు (ఈ రైజెన్‌ల సాకెట్ ఉన్నది) ర్యామ్‌ని సరిచూసుకుంటుంది, కొన్ని నిమిషాల పాటు స్క్రీన్ నల్లగానే ఉంటుంది, టెన్షన్ పడి స్విచ్ ఆపేయొద్దు. ముందు బయోస్ అప్‌డేట్, తర్వాత ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని 6000 స్పీడ్‌కి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేసి ర్యామ్ టెస్ట్. ఒక వారం మీ పని మామూలుగా చేసుకోండి, అన్నీ బాగుంటే అప్పుడు కర్వ్ మైనస్ 10తో మొదలుపెట్టి ఐదేసి చొప్పున దిగండి. టెంపరేచర్ లిమిట్ కూడా బయోస్‌లో 95 నుంచి 85కి దించేయండి. చలికాలంలో సెట్ చేస్తే మాత్రం దాన్నే ఖాయం అనుకోకండి, ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం పూట ఏసీ ఆపి ఒకసారి రెండర్, ఒకసారి కోర్‌సైక్లర్ నడిపి, అక్కడ నిలబడిన అంకెనే బయోస్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.