పాత మారుతి 800 డ్రైవర్ సీటు తిరిగి బిగించాక పట్టేస్తోంది, ఊగుతోంది: ఏం చూడాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1992 మారుతి 800 ఇంకా ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ రోజూ తిరుగుతుంది. వానల వల్ల ముందు సీట్ల కింద కార్పెట్ తడిసి, ఫ్లోర్ తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. సీట్లు రెండూ విప్పేసి ఫ్లోర్‌కి అతుకులు వేయించాం. పనిలో పనిగా సీట్లకు కొత్త ఫోమ్, కొత్త రెక్సిన్ కూడా వేయించాం. ఇప్పుడు డ్రైవర్ సీటు తిరిగి బిగిస్తే వెనక్కి సగం దూరం వచ్చి పట్టేస్తోంది. వెనక లోపలివైపు బోల్టు కాస్త ఎక్కి ఆగిపోతోంది. బ్రేకు నొక్కితే కింద టక్‌మని కదులుతోంది. షెడ్డులో అడిగితే "వాడగా వాడగా అదే సెట్ అవుతుంది సార్" అన్నారు. బండి నడిపేది నాన్నగారే కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విజయవాడ నుంచి)

ముందుగా ఒక మాట. ఆ బోల్టు సంగతి తేలేదాకా కారు నాన్నగారికి ఇవ్వకండి. సీటుకి ఉన్న పట్టు అంతా ఆ నాలుగు బోల్టులే. ఒకటి పట్టకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు మనిషి బరువంతా మిగతా మూడింటి మీద పడుతుంది. అది వాడగా సెట్ అయ్యేది కాదు, వాడగా ఊడేది.

మీరు చెప్పిన మూడు బాధలకూ మూలం ఒకటే అనిపిస్తోంది. ఫ్లోర్ కోసి అతుకు వేసినప్పుడు బోల్టు రంధ్రం ఉన్న చోటు కొద్దిగా జరిగి ఉంటుంది, లేదా ఎత్తు మారి ఉంటుంది. తేల్చుకోవడం చాలా తేలిక. నాలుగు బోల్టులూ రెండేసి చుట్లు వదులు చేసి, లివర్ ఎత్తి సీటు ముందుకీ వెనక్కీ జరపండి. హాయిగా జరిగిందా, స్లైడర్లు (సీటు జరిగే పట్టాలు) బాగానే ఉన్నాయి, తప్పు ఫ్లోర్‌లో ఉంది. వదులు చేసినా పట్టేస్తుంటే స్లైడరే వంగి ఉంటుంది, లేదా గాడిలో ఏదో ఇరుక్కుని ఉంటుంది. వెల్డింగ్ చేసిన చోట చిన్న చిన్న ఇనప గుళ్లు ఎగిరి గాడిలో పడటం మామూలే.

తప్పు ఫ్లోర్‌లో ఉందనుకుంటే సీటు బయటికి తీసి రెండు కొలతలు చూడండి. ఒకటి, ముందు రెండు రంధ్రాల మధ్య దూరం, వెనక రెండు రంధ్రాల మధ్య దూరం. అవే కొలతలు సీటు కింద స్లైడర్ కాళ్ల దగ్గర కూడా తీసి పోల్చండి. రెండు స్లైడర్లూ సమాంతరంగా ఉంటేనే సీటు జరుగుతుంది. ఒక కాలిని బలవంతంగా పక్కకి లాగి బిగిస్తే సగం దూరం దాకా వచ్చి పట్టేస్తుంది, సరిగ్గా మీకు జరుగుతున్నట్టే. రెండోది, కాళ్లు ఆనే నాలుగు చోట్లకూ ఐమూలగా రెండు పురికొసలు బిగువుగా లాగి పట్టించండి. మధ్యలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండాలి. పై కొస, కింది కొస తారుమారు చేసి కూడా చూడండి. ఎటు చూసినా ఒరుసుకుంటే నాలుగూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఒక పద్ధతిలో ఎడం కనిపించినా, రెండో పద్ధతిలో దారం దారాన్ని నొక్కి వంచినా ఒక మూల ఎత్తుగానో పల్లంగానో ఉంది.

ఎత్తుగా ఉంటే అక్కడ సీలెంట్ ముద్ద గానీ వెల్డింగ్ గుబ్బ గానీ ఉంటుంది, గీకేయండి, గ్రైండ్ చేయించండి. పల్లంగా ఉంటే బోల్టు చుట్టూ ఇనప వాషర్ వేసి సరిచేయండి. రబ్బరు ముక్కలు, ప్లైవుడ్ ముక్కలు పెట్టనివ్వకండి. నాలుగు రోజుల్లో అవి నలిగి దిగిపోతాయి, బోల్టు వదులవుతుంది. ఆ టక్‌టక్ చప్పుడు మళ్లీ మొదలవుతుంది.

ఇక బోల్టు. ఈ కారులో సీటు బోల్టులు సాధారణంగా 8 ఎంఎం, మర అడుగు (పక్కపక్క మరల మధ్య దూరం) 1.25 ఎంఎం, తలకి 12 నంబర్ స్పానర్ పడుతుంది. ఎక్కని బోల్టుని రాచెట్ వేసి తిప్పేస్తే కింద నట్టు మర పాడవుతుంది. మరలో రంగు, వెల్డింగ్ మసి ఉంటాయి. దగ్గర్లో లేత్ వర్క్స్ ఉంటే 8 × 1.25 ట్యాప్ (నట్టు లోపల మర కోసే పనిముట్టు) అడిగి, నూనె చుక్క వేసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ శుభ్రం చేయండి. నట్టే గుండ్రంగా తిరుగుతుంటే దాని వెల్డింగ్ ఊడినట్టు. అప్పుడు కింద నుంచి 3 ఎంఎం ఇనప రేకు ముక్కకి నట్టు వెల్డ్ చేయించి పెట్టించుకోవాలి. తుప్పు తిని పల్చబడ్డ ఫ్లోర్‌కి నేరుగా నట్టు అతికిస్తే నిలవదు.

బోల్టు కొత్తది కొంటే తల మీద 8.8 అని (అది బోల్టు బలం గుర్తు) ఉన్నదే తీసుకోండి. పొడవు పాతదాని అంతే ఉండాలి, కింద గొట్టాలకి తగలకూడదు.

బిగించేటప్పుడు నాలుగూ ముందు చేత్తోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించాలి. తర్వాత సీటు పూర్తిగా వెనక్కి జరిపి ముందు బోల్టులు, పూర్తిగా ముందుకి జరిపి వెనక బోల్టులు. ఒకేసారి గట్టిగా కాకుండా కొంచెం కొంచెంగా, మధ్యలో సీటు జరిపి చూసుకుంటూ బిగించండి.

అన్నట్టు, సీటు బెల్టు బక్కిల్ బోల్టు కూడా విప్పి ఉంటే జాగ్రత్త. అది 8 ఎంఎం కాదు, దాదాపు అన్ని కార్లలోనూ బెల్టు బోల్టు 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. దాని బదులు 10 ఎంఎం బోల్టు పెడితే లోపలికి వెళ్తుంది, పట్టినట్టే ఉంటుంది, కానీ పట్టదు. దాని అసలు బోల్టు దానికే వేయాలి.

జవాబు (హైదరాబాద్ నుంచి)

పైన అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను లాక్ గురించి చెప్తాను. కొన్ని సీట్లకు ఒక స్లైడర్‌కే లాక్ ఉంటుంది, కొన్నింటికి రెండింటినీ తీగ కలుపుతుంది. మీదేదో టార్చ్ వేసి చూడండి. లివర్ వదిలాక లాక్ పన్ను గాడిలో పూర్తిగా కూర్చోవాలి. సగం కూర్చున్నా బ్రేకు దగ్గర టక్‌మంటుంది. ఇంజిన్ ఆపి, కాళ్లు ఫ్లోర్‌కి తన్నిపెట్టి, లివర్ ముట్టకుండా వెనక్కీ ముందుకీ గట్టిగా తోసి చూడండి. ఒక్క గాడి కూడా జారకూడదు.

గ్రీజు దట్టంగా పూయొద్దు. పాత గ్రీజు, ఇసుక కలిసి రాయిలా అయి ఉంటుంది. సీటు బయట ఉండగానే కిరోసిన్ గుడ్డతో తుడిచి, లిథియం గ్రీజు పల్చగా రాస్తే చాలు.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్స్. నాలుగు బోల్టులూ వదులు చేయగానే సీటు చివరిదాకా జరిగింది! వెనక రంధ్రాల మధ్య దూరం 4 ఎంఎం తక్కువ ఉంది. ఆ మూలే అతుకు వేసింది. ఇంకో షెడ్డుకి తీసుకెళ్లి ఆ నట్టు ఊడదీయించి, కొలత ప్రకారం 3 ఎంఎం రేకుతో మళ్లీ పెట్టించాను. ఇప్పుడు కదలిక లేదు, లాక్ పన్ను కూడా నిండా కూర్చుంటోంది.

ఇంకో చిన్న సందేహం. కొత్త ఫోమ్ వల్ల నాన్నగారు బాగా ఎత్తుగా కూర్చుంటున్నారు, తల టాప్‌కి దగ్గరగా వచ్చింది. ఫోమ్ అదే దిగుతుందా?

జవాబు (విజయవాడ నుంచి)

సంతోషం. ఫోమ్ కాస్త దిగుతుంది గానీ అంగుళం దిగదు. సీట్లు కుట్టినాయన దగ్గరికే తీసుకెళ్లి, అడుగు నుంచి ఫోమ్ చెక్కమనండి. పైనుంచి చెక్కితే కూర్చునే చోటు ఆకారం పోతుంది.

తర్వాత నాన్నగారిని కూర్చోబెట్టి సర్దండి. నడుము వెనక్కి ఆనించి, క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. సీటు దూరం దాన్నిబట్టి. భుజాలు సీటుకి ఆనే ఉండగా చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకి అందాలి. వెనక భాగం వాలు దాన్నిబట్టి. తలకీ టాప్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. అద్దాలు ఆఖర్న సర్దాలి, ముందు సర్దితే మళ్లీ మార్చాల్సి వస్తుంది. ఎత్తు కోసమో మెత్తదనం కోసమో విడి దిండు మాత్రం వేయకండి, బ్రేకు వేస్తే జారుతుంది. ఓ వారం పది రోజులు తిరిగాక నాలుగు బోల్టులకీ ఒకసారి స్పానర్ వేసి చూడండి.

జవాబు (విశాఖ నుంచి)

సీటు సంగతి తేలింది. నీళ్లు ఎటునుంచి వచ్చాయో కూడా చూసుకోండి, లేకపోతే కొత్త ఫ్లోర్ కూడా పోతుంది. కార్పెట్ తీసేసి ఒకరు లోపల కూర్చోండి, ఇంకొకరు పైపుతో ముందు అద్దం రబ్బరు మీద, తర్వాత తలుపుల మీద, విడివిడిగా నీళ్లు పోయండి. తలుపు అడుగు అంచున నీరు పోయే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోతే నీళ్లు లోపలికే వస్తాయి, సన్నటి పుల్లతో తీసేయండి. ఫ్లోర్ రంధ్రాలకి ఉండే రబ్బరు బిరడాలు అతుకులు వేసినప్పుడు తీసేసి, తిరిగి పెట్టడం మర్చిపోతుంటారు. అవి ఉన్నాయో లేదో కారు కిందికి వంగి చూడండి.